నల్లటి గడులకు పాఠం చెప్పలేకపోతున్నాను

ఒక అధ్యాపకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆమె ఎవరో, ఎక్కడ పనిచేస్తున్నారో తెలిసే వివరాలన్నీ తీసేసి, అసలు విషయం వరకు కుదించి ఇస్తున్నాను.

ఆమె పన్నెండేళ్లుగా లెక్కలు చెబుతున్నారు. గత మూడేళ్లుగా అన్నీ ఆన్‌లైన్‌లో లైవ్ క్లాసులే. 44 మంది పిల్లలు, అంతా పదిహేడు, పద్దెనిమిదేళ్లవాళ్లు. తెర మీద కనిపించేది మాత్రం నల్లటి గడులు, వాటి మధ్యలో పేర్ల మొదటి అక్షరాలు. కెమెరా ఆన్ చేసేది ఇద్దరో ముగ్గురో. "అర్థమైందా?" అంటే చప్పుడుండదు. ఇదంతా బద్ధకమేనని ఆమె అనుమానం. ఒకరోజు క్లాసు అయిపోయి అందరూ వెళ్లిపోయాక ఐదు గడులు అలాగే ఉండిపోయాయి. పేరు పెట్టి పిలిచినా పలకలేదు. లాగిన్ అయి ఎటో వెళ్లిపోయారన్నమాట. ఆ రోజే ఆమె రూల్ పెట్టారు, కెమెరా ఆన్‌లో లేకపోతే ఆబ్సెంట్ అని. క్లాసుకోసారి అందరి ముఖాలూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టమని సంస్థ ఎలాగూ అడుగుతోంది. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయనుకున్నారు.

రెండు వారాలు బాగానే నడిచింది. అందరికంటే ముందు మైక్ ఆన్ చేసి జవాబు చెప్పే అమ్మాయి ఒకరు, అప్పటిదాకా ఏవో సాకులు చెప్పి తప్పించుకుని, ఆబ్సెంట్లు పెరిగేసరికి కెమెరా ఆన్ చేసింది. ఇల్లంతా ఒకటే గది. వెనక మంచం మీద జబ్బుగా ఉన్న తాతయ్యకు వాళ్లమ్మ బట్టలు మారుస్తోంది. అమ్మాయి గమనించి ఆపేసేలోపు నాలుగైదు సెకన్లు పట్టింది. ఆ కాసేపట్లోనే ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు. సాయంత్రానికి అది పిల్లల గ్రూపులో తిరిగింది, కింద నవ్వుతున్న బొమ్మలతో. ఇప్పుడు ఆ అమ్మాయి కెమెరా ఆన్ చేస్తోంది గానీ, అందులో కనిపించేది సగం నుదురు, మిగతాదంతా పైకప్పు. మైక్ మాత్రం మళ్లీ ఆన్ చేయలేదు.

"రూల్ తీసేస్తే పిల్లల ముందు ఓడిపోయినట్టు అవుతుంది. ఉంచితే ఆ అమ్మాయే గుర్తొస్తోంది. నేను నా కోసం అడగలేదు, వాళ్ల చదువు కోసమే అడిగాను. ఏం చేయమంటారు?" అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ అమ్మాయి గురించి రాసింది చదివితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నేను మాత్రం "నా కోసం అడగలేదు" అన్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగాను. అడిగారండీ. సగమైనా మీ కోసమే అడిగారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు కూడా. బోర్డు మీద లెక్క వేస్తూ వెనక్కి తిరిగినప్పుడు ఎవరి నొసలు ముడిపడిందో చూసి, ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పడం మీకు ఏళ్ల తరబడి అలవాటు. ఇప్పుడు గంటసేపు మీ గొంతు మీకే వినిపిస్తుంటే, జోక్ వేసి మీరే నవ్వుకోవాల్సి వస్తుంటే, ఎవరికైనా నీరసం వస్తుంది. ఆ సంగతి పిల్లలకు చెప్పకుండా "మీ మంచికే" అన్నారు కాబట్టి అది రూలై కూర్చుంది. "మీ ముఖాలు కనిపించకపోతే నాకు పాఠం సాగడం లేదర్రా" అని ఉంటే వాళ్లు ఇంకోలా వినేవాళ్లు. ఆ వయసు పిల్లలు ఈ తేడా ఇట్టే పసిగడతారు.

ఇక ఆ రూల్ సంగతి చూద్దాం. ఒక్క కెమెరాతో మీరు మూడు పనులు చేయించుకోవాలనుకున్నారు. పిల్లలు అక్కడ ఉన్నారో లేదో తెలియాలి, చెప్పింది ఎక్కిందో లేదో తెలియాలి, మీకు తోడుగా నాలుగు ముఖాలు కనిపించాలి. కెమెరా సరిగ్గా చేయగలిగేది ఈ చివరిది ఒక్కటే. మొదటిది అరకొరగా చేస్తుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒళ్లో ఫోన్ చూసుకుంటున్నవాడు కూడా శ్రద్ధగా తల వంచి నోట్స్ రాసుకుంటున్నట్టే కనిపిస్తాడు. రెండోదైతే దాదాపు చేయలేదు. లెక్క అర్థం కానివాళ్లే ఎక్కువగా తల ఊపుతారని మీకు నేను చెప్పాలా?

బద్ధకం అన్నారు. కొందరిది బద్ధకమే, కాదనను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు తమ జీవశాస్త్రం కోర్సు విద్యార్థులనే కెమెరా ఎందుకు ఆన్ చేయరని అడిగి, వచ్చిన జవాబులను 2021లో ప్రచురించారు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు "నేనెలా కనిపిస్తున్నానో అని" అన్నదే. వెనక ఉన్న మనుషులు, గది కనిపిస్తాయన్న ఇబ్బంది, నెట్ సరిగా లేకపోవడం కూడా ముఖ్య కారణాల్లో ఉన్నాయి. కెమెరా తప్పనిసరి చేయకుండా, ఎందుకు కావాలో చెప్పి ప్రోత్సహించమని వాళ్లు సలహా ఇచ్చారు.

ఎలా కనిపిస్తున్నానో అన్న బెంగ చిన్నదేం కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్సన్ అదే ఏడాది వీడియో సమావేశాలు ఎందుకు అలసట తెప్పిస్తాయో వివరిస్తూ నాలుగు కారణాలు చెప్పారు. వాటిలో ఒకటి, మన ముఖం మనకే అదేపనిగా కనిపిస్తూ ఉండటం. మామూలు క్లాసులో ఏ పిల్లా ఎదురుగా అద్దం పెట్టుకుని కూర్చోదు కదా. నేను ఈమధ్య రెండు గంటల ఆన్‌లైన్ శిక్షణకు కూర్చున్నాను. వాళ్లు ఏం చెప్పారో చాలావరకు మర్చిపోయాను గానీ, నా ఎడమ కనుబొమ కుడిదానికంటే పైకి ఉంటుందని ఆ రోజే తెలిసింది. జూమ్‌లో మన వీడియో అవతలివాళ్లకు కనిపిస్తూనే, మనకు మాత్రం కనిపించకుండా చేసుకునే వీలుంది. మీ పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసో కనుక్కోండి. రెండు నిమిషాల్లో నేర్పేయొచ్చు.

ఉద్యోగుల మీద జరిగిన మరో అధ్యయనం మీ విషయానికి ఇంకా దగ్గరగా ఉంది. అది కూడా 2021లోనే వచ్చింది. 103 మందిని నాలుగు వారాలు గమనించారు. కెమెరా వాడినప్పుడు అలసట ఎక్కువైంది, ఆడవాళ్లలో, కొత్తగా చేరినవాళ్లలో మరీ ఎక్కువ. అలా అలసినప్పుడు సమావేశాల్లో నోరు విప్పడం తగ్గింది. వాళ్లు విద్యార్థులు కారు కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు మీ క్లాసుకు అంటించను. కానీ ముఖమూ కావాలి, మాటా కావాలి అని పట్టుబడితే ముఖం వచ్చి మాట పోవచ్చన్న అనుమానం నాకుంది. మీ క్లాసులో ఒక అమ్మాయి విషయంలో అది జరగనే జరిగింది.

నెట్ సంగతి కూడా ప్రతిసారీ సాకు కాదు. జూమ్ చెప్పే లెక్క ప్రకారం మాటకు సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు చాలు. గ్రూపులో వీడియో పంపాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి. పైగా చాలా కనెక్షన్లలో పైకి పంపే వేగం, కిందికి దించుకునే వేగం కంటే తక్కువ. అందుకే మీ బొమ్మ వాళ్లకు చక్కగా కనిపిస్తున్నా, వాళ్లు కెమెరా ఆన్ చేసేసరికి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది.

మీ ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి.

రూల్ ఉంచి, ఇబ్బంది ఉన్నవాళ్లకు మినహాయింపు ఇవ్వొచ్చు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ మినహాయింపు కావాలంటే ఎవరో ఒకరు వచ్చి "మా ఇంట్లో ఒకటే గది మేడమ్" అని మీకు చెప్పుకోవాలి. అవసరం ఎక్కువ ఉన్నవాళ్లే నోరు తెరిచి అడగరు. ఆ అమ్మాయి కూడా మీకు నెట్ అనో, కెమెరా పాడైందనో చెప్పిందే గానీ తాతయ్య సంగతి చెప్పలేదు. ఇంకో చిక్కు, అందరి ముఖాలూ వెలుగుతున్నప్పుడు నల్లగా మిగిలిన నాలుగు గడులూ ఎవరివో క్లాసంతా చూస్తుంది.

రూల్ పూర్తిగా ఎత్తేసి ఊరుకోవచ్చు. మొదటి వారం అందరికీ హాయిగా ఉంటుంది. తర్వాత ఆ ఇద్దరు ముగ్గురూ కూడా ఆపేస్తారు, ఎందుకంటే 44 మందిలో తానొక్కడే కనిపిస్తూ కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. మీ ఉత్తరంలో ఉన్న నీరసం చూస్తే, రెండు నెలలకల్లా మీరే రికార్డు చేసిన వీడియో పెట్టేసి చేతులు దులుపుకుంటారేమోనని నా భయం.

మూడోది, హాజరుకూ కెమెరాకూ ఉన్న ముడి విప్పేసి, కెమెరాను కొద్దిసేపటికి మాత్రం అడగడం. నేను దీనివైపే మొగ్గుతాను, కానీ దీనికి మీ వైపు నుంచి పని ఎక్కువ. క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు పలకరింపులకు, చివర్లో వీడ్కోలుకు కెమెరా అడగండి. ఆ కాసేపూ రికార్డింగ్ ఆపేయండి, ఆపేశానని పైకి చెప్పండి. మధ్యలో లెక్కలు చేయించేటప్పుడు బ్రేకౌట్ రూముల్లో, అంటే క్లాసును చిన్న గుంపులుగా విడదీసే ఆన్‌లైన్ గదుల్లో, నలుగురేసి పిల్లల్ని కూర్చోబెట్టండి. 44 మంది ముందు ముఖం చూపించనివాళ్లు ముగ్గురు స్నేహితుల ముందు తరచూ చూపిస్తారు. జూమ్‌లో ఫోకస్ మోడ్ అని ఉంది. అది పెడితే పిల్లల వీడియోలు మీకు కనిపిస్తాయి, వాళ్లకు ఒకరివి ఒకరికి కనిపించవు. ఈ సంగతి తెలిసి ఉంటే మీకు ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదేమో. వెనక గదిని మసకగా చేసే సదుపాయం కూడా ఉంది గానీ, పాత ఫోన్లు, పాత కంప్యూటర్లు దాన్ని మోయలేవు. మసక ఒక్కోసారి తొలగిపోతుంది కూడా, దాని మీద పూర్తిగా భరోసా పెట్టుకోవద్దని పిల్లలకు చెప్పండి. ఇదంతా చేసినా 44 ముఖాలు రావు. మొదటి వారం ఎవరూ ఆన్ చేయకపోవచ్చు కూడా. దానికి మీరు చిన్నబుచ్చుకోకుండా ఉండగలిగితేనే ఈ దారిలోకి దిగండి.

మరి ఆ ఐదు గడుల సంగతి? అది నిజమైన సమస్యే. దానికి కెమెరా కంటే మంచి మందు ఉంది. క్లాసు మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి ఒక చిన్న ప్రశ్న పోల్‌గా పెట్టండి. ఎప్పుడు పెడతారో ముందే చెప్పకండి. రెండింటికీ జవాబిచ్చినవాళ్లు హాజరైనట్టు. తప్పు జవాబైనా హాజరే, అది మాత్రం గట్టిగా చెప్పండి. నెట్ తెగిపోయినవాళ్లు సాయంత్రంలోగా ఆ రోజు లెక్క ఒకటి చేసి ఫొటో పంపొచ్చు. మీ సంస్థకు స్క్రీన్‌షాట్ బదులు ఈ పట్టిక పంపుతానని అడగండి. ఒప్పుకోకపోతే, ముఖాలు కాకుండా పేర్ల జాబితా కనిపించే స్క్రీన్‌షాట్ పంపుతాననండి. దానికీ కాదంటే, ఆ ఫొటోలు ఎవరు చూస్తున్నారు, ఎన్నాళ్లు ఉంచుతున్నారు, పిల్లల ఇళ్లలో వాళ్లను అడిగారా అని రాతపూర్వకంగా అడగండి. మర్యాదగా అడిగినా ఈ ప్రశ్నలకు పనిచేసే గుణం ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం ఆ క్లాసులో రోజూ జరుగుతున్న పనే. మీరు స్టాఫ్ గ్రూపులో పెట్టారు, ఆ కుర్రాడో అమ్మాయో పిల్లల గ్రూపులో పెట్టారు. రెండింటి ఉద్దేశమూ ఒకటని అనడం లేదు. కానీ అడక్కుండా ఇంకొకరి ఫొటో తీయడం తప్పు అని మీరు చెప్పబోయే ముందు, మీ స్క్రీన్‌షాట్ ఆగి ఉండాలి.

ఇక మైక్. మీ ఉత్తరంలో కెమెరాకు మూడు పేజీలు, మైక్‌కు నాలుగు లైన్లు. నేనైతే తిరగేసి రాసేవాణ్ని. పాఠం ఎక్కిందో లేదో మాటలో తెలిసినంతగా ముఖంలో తెలియదు.

"అర్థమైందా?" అని మీరు అడిగి ఎంతసేపు ఆగుతున్నారో ఒకసారి మీ రికార్డింగ్ విని చూడండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త దశాబ్దాల క్రితమే మామూలు క్లాసుల్లో ఇది కొలిచారు. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు ఆగేది సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, జవాబిచ్చేవాళ్లూ పెరిగారు. ఆన్‌లైన్‌లో మూడు కూడా చాలవు. అవతల ఏం జరుగుతుందో చూడండి. పిల్లకు జవాబు తట్టింది. మైక్ గుర్తు ఎక్కడుందో వెతకాలి. ఇంట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడుతున్నారేమో చూసుకోవాలి. గొంతు సవరించుకోవాలి. నొక్కేసరికి మీరు "సరే, అయితే ముందుకెళ్దాం" అనేశారు. ఆమె మళ్లీ మ్యూట్ చేసేసుకుంది. మీకు వినిపించింది నిశ్శబ్దం ఒక్కటే.

ఒకవేళ ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇంకో తంటా. ఒకరి మాట ఇంకొకరికి చేరడానికి పట్టే సమయం సెకనులో ఏడో వంతు దాటితే సంభాషణలో ఎడం తెలియడం మొదలవుతుంది. "నువ్వు చెప్పు", "లేదు లేదు, నువ్వు చెప్పు" అనుకుని ఇద్దరూ ఆగిపోతారు. అందుకే ప్రశ్నను గాల్లోకి వదలకండి. "చేయి గుర్తు పెట్టినవాళ్ల వరుసలో పిలుస్తాను" అంటే సగం గందరగోళం పోతుంది. కంప్యూటర్ మీద ఉన్నవాళ్లకు స్పేస్ బార్ నొక్కి పట్టుకున్నంతసేపే మైక్ ఆన్‌లో ఉంటుందని నేర్పండి. మ్యూట్ చేయడం మర్చిపోయి ఇంట్లో గొడవ క్లాసంతటికీ వినిపిస్తుందేమోనన్న భయం దాంతో చాలా తగ్గుతుంది. ఇయర్‌ఫోన్స్ ఉంటే మీ గొంతు వాళ్ల స్పీకర్ నుంచి మళ్లీ మైక్‌లోకి దూరి ప్రతిధ్వనించదు. అలా అని అందరూ కొనాలని పట్టుబట్టకండి.

"అర్థమైందా?" అన్న ప్రశ్నే మానేయండి. దానికి అవునంటే అబద్ధం, కాదంటే అవమానం. దానికి బదులు ఐదు లైన్ల లెక్క తెర మీద పెట్టి, ఒక లైన్‌లో కావాలని తప్పు చేయండి. బ్రాకెట్ బయట మైనస్ ఉన్నప్పుడు లోపలి రెండో పదానికి గుర్తు మార్చకుండా వదిలేయండి, అందరూ చేసే తప్పే కదా. "ఎన్నో లైన్ తప్పు? అంకె ఒక్కటి చాట్‌లో కొట్టండి" అని నిండా అర నిమిషం నోరు మూసుకు కూర్చోండి. చాట్ మీ ఒక్కరికే వచ్చేలా పెట్టుకుంటే పక్కవాడిది చూసి కొట్టే వీలుండదు. 3, 3, 4, 3, 2 అంటూ అంకెలు పడుతుంటే, వాళ్ల నొసళ్లు మీకు మళ్లీ కనిపించినట్టే ఉంటుంది. ఆ తర్వాత 2 అన్నవాళ్లలో ఒకరిని "ఎందుకనుకున్నావు?" అని మైక్‌లోకి పిలవండి. కారణం చెప్పడానికి పిలుస్తున్నారని తెలిస్తే వస్తారు, పరీక్ష పెట్టడానికి అనుకుంటే రారు.

రూల్ వెనక్కి తీసుకుంటే ఓడిపోయినట్టు కాదా అన్నారు. ఎలా తీసుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. సద్దుమణిగేదాకా చూసి చడీచప్పుడు లేకుండా వదిలేస్తే, అవును, ఓడిపోయినట్టే ఉంటుంది. "నేను పెట్టిన రూల్ వల్ల మీలో కొందరికి ఇబ్బంది కలిగింది. అది నేను ముందే ఆలోచించాల్సింది. ఈ రోజు నుంచి కెమెరాకూ హాజరుకూ సంబంధం లేదు. నాకు మాత్రం మీ ముఖాలు చూడాలని ఉంటుంది, వీలైనవాళ్లు మొదటి ఐదు నిమిషాలు కనిపించండి" అని మామూలు గొంతుతో చెప్పండి. ఆ అమ్మాయి పేరు గానీ, ఆ రోజు సంగతి గానీ ఎత్తొద్దు. స్క్రీన్‌షాట్ గురించి విడిగా, ఇంకో రోజు మాట్లాడండి. తీసినవాళ్లెవరో తెలిస్తే ఒంటరిగా పిలిచి, ఆ బొమ్మను గ్రూపులోంచి, ఫోన్‌లోంచి తీయించండి. తెలియకపోతే క్లాసు మొత్తాన్ని విచారించకండి, అలా చేస్తే ఆ బొమ్మ చూడనివాళ్లు కూడా వెతుక్కుని చూస్తారు. అది ఇంకా తిరుగుతూ ఉంటే సంస్థకు చెప్పక తప్పదు. అంతకుముందు ఆ అమ్మాయిని అడగండి.

ఆ అమ్మాయికి ఒక సందేశం పంపండి, ఫోన్ చేయకండి. ఫోన్ చేస్తే ఇంట్లో అందరి మధ్యా మాట్లాడాల్సి వస్తుంది. "ఆ రోజు జరిగినదానికి నేను పెట్టిన రూలే కారణం, క్షమించు. ఇక నువ్వు కెమెరా ఆన్ చేయక్కర్లేదు, కారణం కూడా చెప్పక్కర్లేదు. నీ జవాబులు లేక క్లాసు వెలితిగా ఉంది, కానీ తొందరేం లేదు" అంటే చాలు. తాతయ్య ఆరోగ్యం గురించి అడగాలనిపిస్తుంది, ఇప్పుడే వద్దు. ఆమె జవాబు ఇవ్వకపోవచ్చు. రెండోసారి పంపకండి. మర్నాడు అందరితో పాటు ఆమె కూడా ఎన్నో లైన్ తప్పో అంకె కొడుతుంది, అది మీ ఒక్కరికే కనిపిస్తుంది. సరైన అంకె కొట్టినవాళ్ల పేర్లు చదివే అలవాటుంటే, కొన్నాళ్లు ఆమె పేరు చదవకుండా, ఆమె చాట్‌కు మాత్రం "కరెక్ట్" అని ఒక్క మాట తిరిగి రాయండి.